బొమ్మకు కాపీరైట్ పెట్టించిన ఆఫీసు: ఐదుకు మూడున్నర

నేను తోలుబొమ్మల తీరులో కాగితం మీద బొమ్మలు వేసి అమ్ముకుంటాను. పోయిన ఏడాది నా జటాయువు ఒక షాపులో చేతిసంచుల మీద కనబడింది. అడిగితే "నెట్‌లో దొరికింది మేడమ్, అందరూ వాడుతున్నారు" అన్నారు. తోక దగ్గర ఇంకు కారి మచ్చ పడితే దాన్ని ఎట్లోగట్ల ఆకులాగా దిద్దుకున్నాను, ఆ ఆకు కూడా సంచి మీద దిగింది! ఆ మంట మీదే అనంతపురం కోర్టు రోడ్డులో కాపీరైట్, ట్రేడ్‌మార్క్ అప్లికేషన్లు పెట్టే ఈ చిన్న ఆఫీసుకు పోయాను.

పోగానే డబ్బు మాట ఎత్తలేదు, అది నచ్చింది. "బొమ్మ వేసిన రోజే కాపీరైట్ మీదైపోయిందమ్మా, 1957 చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రేపు కోర్టులో చూపించడానికి ఒక కాగితం ఉంటుందంతే" అన్నాడు ఆ ఆఫీసాయన. మన తోలుబొమ్మలకు జీఐ (ఒక ప్రాంతపు సరుకు పేరును ఇంకొకరు వాడకుండా కాపాడే గుర్తింపు) ఉంది కదా, అది పనికిరాదా అంటే, అది ఆ కళ పేరుకే గానీ మీ ఒక్క బొమ్మకు కాదని విడమరిచి చెప్పాడు. పెన్సిల్ గీతలున్న పాత కాగితం, తేదీలున్న ఫోన్ ఫోటోలు, మొదట కొన్నామె పంపిన ఫోన్‌పే మెసేజ్, అన్నీ ఫైలు కట్టించాడు. తెలిసిన లాయర్‌తో నోటీసు పంపిస్తే వారంలో సంచులు మాయం. నష్టపరిహారం మాత్రం ఒక్క రూపాయి రాలేదనుకోండి.

ఇక చిరాకు పుట్టించింది ఫీజు. మొదట ప్రభుత్వ ఫీజు 500 అన్నారు, తీరా అప్లికేషన్ నింపేటప్పుడు సరుకుల మీద వాడే బొమ్మైతే 2000, దానికి అలాంటి గుర్తు ఇంకెవరి ట్రేడ్‌మార్క్‌గానూ లేదని ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చే సెర్చ్ సర్టిఫికెట్ కూడా కావాలన్నారు. మొదటి రోజే "సరుకుల మీద వేస్తారా?" అని ఒక్క మాట అడగొచ్చు కదా. పైగా "పది రోజుల్లో వచ్చేస్తుంది" అన్నారు, అప్లికేషన్ అందినట్టు డైరీ నంబర్ పడ్డాక ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగాలని నాకు తర్వాత తెలిసింది. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నెలలు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తరు, మనిషి పోయి నిలబడితేనే పని.

వీళ్లు అసలు ఎత్తనే ఎత్తని సంగతి ఇంకొకటి ఉంది. దిండు గలీబుల మీద వేయిద్దామని ప్రింటింగ్ దాకా పోయాక మా బావ చెప్పాడు, డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ కాగలిగిన డిజైన్‌ను అక్కడ రిజిస్టర్ చేయించకుండా మిషన్ మీద 50 కంటే ఎక్కువ వేస్తే దానిమీద కాపీరైట్ పోతుందని. ఆ రిజిస్ట్రేషనేమో బొమ్మ బయట పెట్టకముందే చేయించుకోవాలట. నా జటాయువు ఇన్‌స్టాలో ఎక్కి రెండేళ్లయింది. కొత్త బొమ్మలు ఇప్పుడు బీరువాలోనే ఉన్నాయి.