పీఎఫ్‌సెన్స్‌తో మూడేళ్లు: పీణ్య కర్మాగారంలో నెట్‌వర్క్ విభజన

బెంగళూరు పీణ్యలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే మా సంస్థలో మూడేళ్ల క్రితం వరకూ గేటు కెమెరాలు, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రాలు, జీతాల సర్వర్, అతిథుల వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. ఏ ట్రాఫిక్‌ను పోనివ్వాలో, దేన్ని ఆపాలో చూసే పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ పెట్టి దాన్ని ఐదు వీలాన్‌లుగా, అంటే ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లుగా, విడదీశాం. విభజన నాలుగు ఆదివారాల్లో ముగిసింది. పాత అనుమతుల తొలగింపునకు మాత్రం ఏడాదికి పైగా పట్టింది. రక్షణలో పెద్ద వాటా ఆ రెండో పనిదేనని నా అభిప్రాయం.

ఈ ఫైర్‌వాల్‌లో కొత్తగా చేర్చిన వీలాన్ నుంచి, మనం నియమం రాసేదాకా, ఏ ట్రాఫిక్కూ బయటికి కదలదు. అందువల్ల ఏ దారి ఎందుకు తెరుస్తున్నామో ఆలోచించక తప్పదు. ఇది నాకు బాగా నచ్చింది. అయితే నియమం తీసేసినా అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు తెగవు, వాటిని స్టేట్ టేబుల్‌లోంచి (నడుస్తున్న కనెక్షన్ల జాబితాలోంచి) విడిగా తొలగించాలి. మొదటి నెలలో ఇది తెలియక, మూసేశామనుకున్న దారిలోనే ఒక బ్యాకప్ రాత్రంతా సాగింది.

మా సీఎన్‌సీ యంత్రాలలో కొన్నింటిని నడిపే కంప్యూటర్లలో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీయే ఉంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై ప్రోగ్రామ్ వ్యాపించింది, ఫైళ్లు పంచుకోవడానికి ఇవి వాడే పాత ఎస్ఎంబీ పద్ధతిలోని లోపం ద్వారానే కాబట్టి, డ్రాయింగులుంచే ఒక చిన్న సర్వర్ తప్ప వాటికి మరేదీ అందకుండా చేశాం. ఒకే వీలాన్‌లోని కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకునేది ఫైర్‌వాల్ దాకా రాదు. దాన్ని ఆపడానికి స్విచ్‌లోనే పోర్టులను వేరుచేయాల్సి వచ్చింది.

2021లో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ నెట్‌వర్క్‌లోకి దుండగులు చొరబడింది ఎవరూ వాడని పాత వీపీఎన్ (బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) ఖాతాతోనే. అది గుర్తుంచుకుని మా ఖాతాల జాబితా తీస్తే, హిందూపురం నుంచి రోజూ రైల్లో వచ్చి, ఎప్పుడో పదవీ విరమణ చేసిన అకౌంట్స్ పెద్దాయన ఖాతా ఇంకా పనిచేస్తూనే ఉంది. దాన్ని ఆపిన నెలాఖరున బ్యాంకుకు వెళ్లాల్సిన జీతాల ఫైలు ఆగిపోయింది, ఎందుకంటే ఆ పని ఆయన పేరు మీదే నడుస్తోంది. ఆ తర్వాత ఏ ఖాతానైనా ముందు నిలిపివేసి, ఒక త్రైమాసికం గడిచాకే తొలగిస్తున్నాం.

లాగ్‌లను (నెట్‌వర్క్‌లో జరిగినవాటి నమోదులను) 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ 2022లో ఆదేశించింది కనుక వాటికి మేం వేరే సర్వర్ పెట్టుకోవాల్సి వచ్చింది. యంత్రాల మరమ్మతు చేసేవారికి ఒకప్పుడు శాశ్వతంగా ఉన్న ప్రవేశాన్ని ఇప్పుడు వారు ఫోన్ చేసిన రోజున తెరిచి, ఆ సాయంత్రమే మూసేస్తున్నాం.