ఒక్క యాంప్‌తో క్లీన్ నుంచి హై గెయిన్ వరకు: విజయనగరం గిటారిస్టు దృష్టిలో మార్షల్ డీఎస్ఎల్40సీఆర్

గిటార్ సిగ్నల్‌ను ట్యూబులతో (వాల్వులతో) బాగా పెంచి ధ్వనిని దట్టంగా, కరుకుగా మార్చే హై గెయిన్ ట్యూబ్ యాంప్ కొనాలనుకునే వారిలో చాలామంది మొదట చూసేది దాని డిస్టార్షన్ ఎంత దట్టంగా ఉందన్నదే. విజయనగరంలో ఉంటూ ఆర్కెస్ట్రా కచేరీలు, కళాశాల వేడుకలు, ఇంట్లో సాధన అన్నీ ఒకే యాంప్‌తో సాగించవలసిన గిటారిస్టు మాత్రం అంతకంటే ముందు మరికొన్ని చూసుకోవాలి. డిస్టార్షన్ లేని క్లీన్ చానల్ ఎంత నిర్మలంగా ఉంది, గెయిన్ సగంలో ఉన్నప్పుడు స్వరం ఎలా పలుకుతోంది, వాల్యూమ్ బాగా తగ్గించాక కూడా ఆ స్వరంలో జీవం నిలుస్తోందా అన్నవే బహుముఖమైన యాంప్‌కు అసలైన పరీక్షలని నా దృఢమైన అభిప్రాయం. యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే మార్షల్ డీఎస్ఎల్40సీఆర్ కాంబోను ఇంట్లోను, వేదికల మీద కూడా చాలాకాలంగా వాయించిన అనుభవంతో, ఆ పరీక్షల్లో అది ఎక్కడ నెగ్గిందో, ఎక్కడ వెనుకబడిందో ఇక్కడ వివరిస్తాను.

గెయిన్ ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎంపిక చాలావరకు సులువవుతుంది. గిటార్ పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబు పెంచుతుంది. అటువంటి దశలను ఒకదాని వెనుక ఒకటి కలుపుకుంటూ పోతే, ముందు దశ తన తరువాతి దశను దాని పరిమితికి మించి నెట్టడం వల్ల తరంగపు శిఖరాలు అణిగిపోయి, మనం డిస్టార్షన్ అని పిలిచే ఆ దట్టమైన, ఎక్కువసేపు సాగే ధ్వని పుడుతుంది. మార్షల్ 1975లో మాస్టర్ వాల్యూమ్‌తో తెచ్చిన 2203 నమూనా, 1981 నుంచి జేసీఎం800 పేరుతో ప్రసిద్ధి కెక్కింది. అయినా 100 వాట్ల ఆ యాంప్ పూర్తి స్వరూపం బయటపడాలంటే స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు కూడా శ్రమించేంత వాల్యూమ్ పెట్టక తప్పదు. 1987 నాటి సోల్డానో ఎస్ఎల్ఓ-100, రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కోసం పీవీ సంస్థ 1992లో విడుదల చేసిన 5150 ఈ పరిస్థితిని మార్చాయి. కావలసిన డిస్టార్షన్ అంతా ఆ చిన్న ట్యూబుల దశలు ఉండే ప్రీయాంప్‌లోనే తయారవుతుంది కనుక తక్కువ వాల్యూమ్‌లో కూడా హై గెయిన్ దొరికే మార్గం అక్కడ బలపడింది. జేసీఎం2000 శ్రేణిలో 1997లో వచ్చిన డీఎస్ఎల్ ఆ మార్గంలో మార్షల్ వేసిన అడుగు, నేటి డీఎస్ఎల్40సీఆర్ దాని వారసురాలు.

నేను పరిశీలించిన ఇతర యాంప్‌ల మాట క్లుప్తంగా చెబుతాను. 5150కి కొనసాగింపు అయిన పీవీ 6505, నాలుగు 6ఎల్6 ట్యూబులతో 120 వాట్లు ఇచ్చే హెడ్, అంటే స్పీకర్ లేని యాంప్. అరచేతి అంచుతో తీగలను అణచి (పామ్ మ్యూట్ చేసి) వాయించే రిఫ్, అంటే పదేపదే వచ్చే స్వరాల వరుస, ఇందులో మోగినంత కఠినంగా, గట్టిగా మరెక్కడా మోగదని నాకు అనిపిస్తుంది, కానీ సినిమా పాటకు కావలసిన తేటైన క్లీన్ ధ్వనిని దాని నుంచి రాబట్టడం శ్రమతో కూడిన పని. ఈవీహెచ్ 5150 త్రీ 50 వాట్ల హెడ్‌లో మూడు చానళ్లు ఉన్నాయి, క్లీన్ కూడా చక్కగా ఉంది. అయితే దానికి స్పీకర్ కేబినెట్ విడిగా కొనాలి, ఆ రెండింటినీ ఆటోలో వేసుకుని వేదికకు చేర్చాలి. మెసా బూగీ మార్క్ ఫైవ్ మూడు చానళ్లలో తొమ్మిది మోడ్‌లు, 90, 45, 10 వాట్ల మధ్య ఎంచుకునే సౌకర్యం ఇస్తుంది. వైవిధ్యమే ఏకైక కొలమానమైతే అది అగ్రస్థానంలో నిలుస్తుంది కానీ, దిగుమతి సుంకంతో కలిపి దాని ధర మన ప్రాంతపు వాద్యకారులలో అత్యధికులకు అందనిది.

డీఎస్ఎల్40సీఆర్‌లో రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు, నాలుగు 12ఏఎక్స్7 ప్రీయాంప్ ట్యూబులు, సెలెస్టియన్ వీ-టైప్ 12 అంగుళాల స్పీకర్ ఒకటి ఉంటాయి. క్లాసిక్ గెయిన్, అల్ట్రా గెయిన్ అని రెండు చానళ్లు. మొదటి దానిలో క్లీన్, క్రంచ్ అనే రెండు స్థితులు, రెండవ దానిలో ఓడీ1, ఓడీ2 (ఓడీ అంటే ఓవర్‌డ్రైవ్) అనే రెండు స్థితులు ఉన్నాయి కనుక మొత్తం నాలుగు రకాల స్వరాలు చేతికి వస్తాయి.

క్లీన్ స్థితిలో తీగలను విడివిడిగా మీటుతూ ఆర్పెజియో వాయిస్తే ప్రతి స్వరమూ తేటగా వినిపిస్తుంది. కీబోర్డు, తబలా కలిసి మోగుతున్న ఆర్కెస్ట్రాలో సైతం గిటార్ ఉనికి చెరగదు. ఈఎల్34 ట్యూబుల సహజ గుణమైన మధ్యస్థాయి పదును ఇందుకు తోడ్పడుతుంది. క్రంచ్ స్థితిలోనే ఈ యాంప్ అసలు వ్యక్తిత్వం ఉందని నేను నమ్ముతాను. గెయిన్ సగానికి పెట్టి, వేళ్ల ఒత్తిడిని, గిటార్ వాల్యూమ్ నాబ్‌ను అదుపు చేస్తూ పోతే, దాదాపు క్లీన్ నుంచి రాక్ రిథమ్ దాకా ఏ స్విచ్చునూ తాకకుండా ప్రయాణించవచ్చు. ఎంత గెయిన్ ఉందన్న లెక్క ముందు ఈ గుణాన్ని చాలామంది పట్టించుకోరు, కానీ నాలుగు గంటల కచేరీని నిలబెట్టేది క్లీన్‌కూ హై గెయిన్‌కూ మధ్యనున్న ఈ స్థితే.

ఓడీ1 జేసీఎం800 స్వభావానికి మరింత గెయిన్ చేర్చినట్లు ఉంటుంది. లీడ్ (పాటలో ముందుకు వచ్చే సోలో భాగం) వాయించడానికి నేను ఎప్పుడూ దీనినే ఎంచుకుంటాను. 1919లో సంగీత కళాశాల వెలసి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌ను దగ్గరగా విన్న ఊరు ఇది. స్వరం సాగే తీరును, గమకం నడిచే తీరును ఇక్కడి శ్రోత శ్రద్ధగా పట్టి చూస్తాడు. అందుకే ఏ హై గెయిన్ యాంప్‌నైనా నేను పరీక్షించే పద్ధతి ఒకటే: మూడవ తీగపై ఒక స్వరాన్ని మీటి, తీగను సాగదీసి పై స్వరానికి చేర్చి, మెల్లగా కిందికి దించుతాను. ఆ దారిలో స్వరం సన్నబడిపోకుండా, రొదలో కలిసిపోకుండా చివరి వరకు వినిపించాలి. ఓడీ1 ఈ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. ఓడీ2లో గెయిన్ చాలా ఎక్కువ. దానిని సగం దాటించితే తీగల మధ్య తేడా మసకబారుతుంది, కింది స్థాయి వదులవుతుంది. తీగల శ్రుతిని మామూలు కంటే దించిన డ్రాప్ ట్యూనింగ్‌లో మెటల్ వాయించే వారు గిటార్‌కూ యాంప్‌కూ మధ్య ట్యూబ్ స్క్రీమర్ పెడల్ ఒకటి పెట్టి, దాని డ్రైవ్‌ను సున్నాకు, లెవెల్‌ను పైకి ఉంచితే, ఆ పెడల్ బాస్‌ను తగ్గించి మధ్యస్థాయిని ముందుకు తెస్తుంది కనుక రిఫ్ మళ్లీ బిగుస్తుంది. అయినా 6505 బిగువు మాత్రం దీనికి రాదు.

ఈ యాంప్‌లో నాకు నచ్చని పెద్ద అంశం, రెండు చానళ్లకూ ట్రెబుల్, మిడిల్, బాస్ నాబ్‌లు ఒకే జతగా ఉండటం. క్లీన్‌కు నప్పేలా సర్దితే డిస్టార్షన్ చెవిలో గుచ్చుకుంటుంది, డిస్టార్షన్‌కు సర్దితే క్లీన్ మందగిస్తుంది. రెండింటికీ రాజీగా ఒక స్థానం వెతుక్కోవాలి. రెండు మాస్టర్ వాల్యూమ్‌లు ఉండి, వాటి మధ్య ఫుట్‌స్విచ్‌తో మారగలగడం ఆ లోటును కొంత పూడుస్తుంది, ఎందుకంటే లీడ్ వచ్చినప్పుడు ధ్వనిని ఒక్కసారిగా పెంచడానికి మరో పెడల్ అవసరం ఉండదు. ప్రీయాంప్ తరువాత పెడల్‌లను కలిపే ఎఫెక్ట్స్ లూప్ ఉండటం కూడా మేలు. ప్రతిధ్వనిని ఇచ్చే డిలే పెడల్‌ను యాంప్ ముందు పెడితే దాని ప్రతిధ్వనులు కూడా డిస్టార్షన్‌లో నలిగి గజిబిజి అవుతాయి, లూప్‌లో పెడితే తేటగా వినిపిస్తాయి.

వాట్ల విషయంలో అపోహ ఎక్కువ. శక్తి రెట్టింపయితే ధ్వని 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది; చెవికి రెండింతలుగా అనిపించాలంటే దాదాపు పదిరెట్లు శక్తి కావాలి. అందుకే ఈ యాంప్‌ను 40 నుంచి 20 వాట్లకు తగ్గించినా ఇరుగుపొరుగు వారికి పెద్ద తేడా తెలియదు. గిటార్ స్పీకర్ ఒక వాట్‌తోనే ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్‌కు దగ్గరగా ధ్వని ఇస్తుంది కనుక తోటపాలెం, కంటోన్మెంట్ వంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో మాస్టర్ వాల్యూమ్ నాబ్‌ను ఒకటో అంకె దాటించడం కష్టం. అంత తక్కువలో మన చెవి బాస్‌ను సరిగా పట్టలేదు. ఆ సమయంలో కింది స్థాయి ధ్వనిని సర్దే రెజొనెన్స్ నాబ్‌ను కాస్త పెంచితే స్వరానికి ఒళ్లు వస్తుంది. ఇంటిలో సాధన కోసం ఇంతకంటే ఉపయోగపడిన నాబ్ నాకు మరొకటి కనిపించలేదు.

మన ప్రాంతంలో ట్యూబ్ యాంప్ ఆయుర్దాయాన్ని నిర్ణయించేది విద్యుత్తు. ట్యూబు లోపలి ఫిలమెంటుకు 6.3 వోల్టులు అందాలి. వేసవి మధ్యాహ్నం 230 వోల్టుల లైను 190కి పడిపోతే అది 5.2 వోల్టులకు దిగుతుంది, ఎలక్ట్రాన్ల విడుదల తగ్గి ధ్వని నీరసిస్తుంది. ఉత్సవాల రోజుల్లో వేదికల వద్ద డీజిల్ జనరేటర్ మీద లైట్లు, సౌండ్ అన్నీ నడుస్తున్నప్పుడు వోల్టేజి ఇంకా నిలకడ తప్పుతుంది. ఈ రెండు పరిస్థితుల్లోనూ మంచి సర్వో స్టెబిలైజర్ లేకుండా ట్యూబ్ యాంప్‌ను ఆన్ చేయకూడదని నా ఖచ్చితమైన సలహా; దాని ధరను యాంప్ ధరలో భాగంగానే లెక్క వేసుకోవాలి. ఎర్తింగ్ అంతకంటే ముఖ్యం. యాంప్ లోహపు చట్రం (ఛాసిస్) ఎర్త్‌కు కలిసి ఉంటుంది, గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆ ఛాసిస్‌కు కలిసి ఉంటాయి, మైక్ మరో లైను నుంచి వస్తుంది. ఎర్త్ సరిగా లేని వేదికపై తీగలు పట్టుకున్న వాద్యకారుడి పెదవి మైక్‌కు తగిలినప్పుడు షాక్ కొట్టే ప్రమాదం నిజంగా ఉంది. వాయించే ముందు సౌండ్ సర్వీసు వారితో టెస్టర్ పెట్టించి చూసుకోవడంలో మొహమాటపడనక్కర లేదు.

మరమ్మతుల మాటకు వస్తే, ప్రీయాంప్ ట్యూబును మార్చడం ఎవరైనా చేయగల పని. యాంప్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, పాతది ఊడదీసి కొత్తది గుచ్చితే చాలు. పవర్ ట్యూబులను మాత్రం సరిపోలిన జతగా కొని, వాటిలో నడిచే విద్యుత్ ప్రవాహాన్ని నిర్ణయించే బయస్‌ను సర్దించాలి. ఆ పని తెలియని వారు ఛాసిస్ లోపల చెయ్యి పెట్టకూడదు, ఎందుకంటే ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిల్వ ఉండవచ్చు. పాత వాల్వు రేడియోల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు మన ఊళ్లలో తగ్గిపోయారు కనుక విశాఖపట్నంలో ఈ పని తెలిసిన వారిని కొనకముందే విచారించి పెట్టుకోవడం మంచిది. స్పీకర్ తీగ ఊడి ఉండగా యాంప్‌ను ఎన్నడూ వాయించకూడదు; అలా చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, అది యాంప్‌లో అత్యంత ఖరీదైన భాగాలలో ఒకటి.

అన్ని రకాల పాటలూ వాయించే ఆర్కెస్ట్రా గిటారిస్టుకు, చర్చి బృందంలో క్లీన్‌తో మొదలుపెట్టి రాక్ దాకా వెళ్లే యువకులకు నేను ఈ యాంప్‌నే సూచిస్తాను. మెటల్ ఒక్కటే వాయించే వారు ఈవీహెచ్ వైపు చూడాలి. ఇల్లు దాటి వాయించే అవసరం అరుదుగా ఉన్నవారికి ఇదే శ్రేణిలోని, 20 నుంచి 10 వాట్లకు తగ్గే డీఎస్ఎల్20సీఆర్ సరిపోతుంది. పెద్దదాని బరువు 23 కిలోలకు దగ్గరగా ఉంటుంది కనుక మేడ మెట్లు ఎక్కించే వారికి ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. విదేశాల నుంచి బంధువుల చేత తెప్పించుకునే వారు వెనుక పలకపై 230 వోల్టులని ఉందో లేదో చూడాలి, అమెరికా మార్కెట్‌కు చేసిన 120 వోల్టుల యాంప్‌ను నేరుగా మన ప్లగ్‌లో పెడితే పాడైపోతుంది. యాంప్‌తో పాటు ఒక 12ఏఎక్స్7, సరిపోలిన ఈఎల్34 జత, వెనుక పలకపై వ్రాసిన విలువకే సరిపడే ఫ్యూజులు రెండు కొని సంచిలో ఉంచుకోవాలి, ఎందుకంటే రాత్రి కచేరీ మధ్యలో ట్యూబు పోతే వాటిని అమ్మే దుకాణం ఏదీ ఆ వేళకు మన జిల్లాలో తెరిచి ఉండదు.