ట్రక్కు టైర్లు: కొత్తవా, రీబటనా, సెకండ్‌హ్యాండా?

కోతలు దగ్గరపడే కొద్దీ మా నెల్లూరు వైపు ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంట్లో ఇదే చర్చ. ఇంజన్ టైర్లకైతే ఎవరూ వెనకాడరు. ట్రక్కు (ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టి) దగ్గరికి వచ్చేసరికి మాత్రం “దానికేముందిలే, వెనక ఈడ్చుకుపోయేదే కదా” అంటారు. నేనూ అలాగే అని సెకండ్‌హ్యాండ్ లారీ టైర్లు వేయించాను. బటన్లు (నేలకు పట్టే రబ్బరు దిమ్మెలు) సగానికి పైనే ఉన్నాయి, పాలిష్ కొట్టి నిగనిగలాడుతున్నాయి. ఐదు పుట్ల వడ్లేసుకుని కోవూరు వైపు పోతుంటే ఎడమ టైరు పేలింది. ట్రక్కు ఒరిగి కొన్ని బస్తాలు కాలవలో పడ్డాయి.

పంక్చర్ షాపతను ఆ టైరును తిప్పి, సైడున కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగంకెలు చూపించాడు. 1114. అంటే 2014లో పదకొండో వారం తయారీ. నేను బటన్లు చూసి కొన్నాను, వయసు చూడలేదు.

లారీ టైరు రోజూ తిరిగి అరిగిపోతుంది. ట్రక్కు టైరు అలా కాదు. కోతలప్పుడు రాత్రింబవళ్లు తిరిగి, తర్వాత నెలల తరబడి ఎండలో ఒకేచోట నిలబడి ఉంటుంది. బటన్లు అరగకముందే రబ్బరు ఎండి సన్నగా పగుళ్లిస్తుంది. అందుకే దీనికి మందం కన్నా తయారీ తేదీ ముఖ్యం. ఐదారేళ్లు దాటిన టైరును, ఎంత కొత్తగా కనబడినా, బరువుకు నమ్మను.

ఆ తర్వాత బరువు లెక్క. మన పుట్టి 850 కిలోలు. ఐదు పుట్లు 4,250. ట్రక్కు సొంత బరువు ఒకటిన్నర టన్ను అనుకుంటే మొత్తం 5,750 కిలోలు. రెండు చక్రాల ట్రక్కయితే కొంత బరువు హుక్కు మీద పడుతుంది, అయినా ఒక్కో టైరు మీద సుమారు రెండున్నర టన్నులుంటుంది. టైరు మీద లోడ్ ఇండెక్స్ 140 అని ఉంటే అది మోసేది 2,500 కిలోలు, 150 అయితే 3,350. కొన్నిటి మీద సూటిగా కిలోల్లోనే రాసి ఉంటుంది. అంకె పక్కన అక్షరం వేగానికి: ఏ8 అంటే 40 కిలోమీటర్లు, కే అంటే 110. ఐదు పుట్లకు 140 సరిగ్గా అంచు మీద నిలుస్తుంది. ఆరో పుట్టి వేసే అలవాటుంటే (మనలో లేనిదెవరికి?) అంతకన్నా పైదే తీసుకోవాలి.

ఇక రీబటన్, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు బటన్లు వేయించడం. దీన్ని తీసిపారేయను. కొత్త టైరు ధరలో సగం కూడా అవదు. కానీ సొంత టైరుకు వేయించుకుంటేనే మేలు. అది ఏ గుంతలో పడిందో, ఎన్నిసార్లు గాలి తక్కువతో తిరిగిందో మనకు తెలుసు. షాపులో రెడీగా దొరికే రీబటన్ టైరు లోపలి చరిత్ర ఎవరికీ తెలియదు. దారాలు బయటపడినా, సైడున లోతుగా తెగినా, రిమ్ముకు పట్టే అంచు దెబ్బతిన్నా రీబటన్ డబ్బు దండగే. పొలానికీ కళ్లానికీ మధ్య తిరిగే ట్రక్కుకు ఇది చాలు. హైవే ఎక్కే ట్రక్కుకు నేను వేయను.

కొత్తదే అనుకుంటే నైలానా (లోపల దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వేసింది), రేడియలా (దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా వేసి పైన పట్టీలు చుట్టింది)? మా వైపు పొలం గట్లు, చిల్లకంప ముళ్లు, చీమకుర్తి వైపు రాళ్ల దారులు. వీటికి సైడు గట్టిగా ఉండే నైలానే తట్టుకుంటుంది. రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ దూరం వస్తుంది, డీజిలూ కొంత మిగులుతుంది. అయితే ఆ లాభం లారీ వేగంలో కనబడుతుంది గానీ ముప్పై కిలోమీటర్ల ట్రాక్టరుకు పెద్దగా తేలదు. రోజూ తారురోడ్డు మీద సుబాబుల్, జామాయిల్ కర్ర దూరం తోలేవాళ్లు మాత్రం రేడియల్ గురించి ఆలోచించవచ్చు. ఒకే ఇరుసుకు ఒకపక్క రేడియల్, ఒకపక్క నైలాన్ మాత్రం వద్దు. రెండూ ఒకే సైజువి, అరుగుదలలోనూ దగ్గర దగ్గరగా ఉన్నవి వేసుకోవాలి. రొయ్యల చెరువులకు మేత తోలేవాళ్లు టైరుతో పాటు రిమ్మునూ విప్పి చూడాలి. ఉప్పునీటికి తుప్పు పట్టిన రిమ్ము ట్యూబును కోసేస్తుంది.

సెకండ్‌హ్యాండ్ సంగతి ఇప్పటికే చెప్పాను. తేదీ గడి గీకేసి ఉంటే బేరం కూడా ఆడకండి.

చివరికి నేను నైలాన్‌లో కొత్త జత తెచ్చాను. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూస్తున్నాను. మధ్యాహ్నం వేడికి గాలి పెరిగి మీటరు ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందిలే అనిపిస్తుంది. కోతలయ్యాక ట్రక్కును జాకీతో లేపి ఇరుసు కింద మొద్దులు పెట్టి, టైర్లకు గోనెపట్టాలు కప్పాను. మా పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి అడిగాడు:

“ఏం బావా, ట్రక్కుకు జ్వరమొచ్చిందా?”