ఆగస్టులో ఆఫ్రికా ఉప్పు మైదానాల్లో ఫ్లెమింగోలు చూపిస్తామంటే డబ్బు కట్టకండి

ఫొటోలో కొండ ఉంది. వాట్సాప్‌లో టూర్ కంపెనీ వాళ్లు పంపిన ఫొటో అది. నీళ్ల నిండా గులాబీ రంగు పక్షులు, ఒక పక్క నేలలోంచి పైకి ఎగదన్నుతున్న ఆవిరి, వెనక నల్లగా కొండల వరస. కింద పెద్ద అక్షరాలతో "బోట్స్‌వానా ఉప్పు సరస్సులో లక్షల ఫ్లెమింగోలు, ఆగస్టు స్పెషల్" అని రాశారు. ఆ కొండను అప్పుడే పట్టించుకుని ఉంటే మా నలుగురికీ కలిపి 3,68,000 రూపాయలు మిగిలేవి.

బోట్స్‌వానాలోని మక్గాడిక్గాడి పాన్‌లలో, అంటే ఆ ఉప్పు మైదానాల్లో, కొండలు లేవు, వేడినీటి ఊటలు లేవు. ఎటు చూసినా పళ్లెంలా చదును. ఆవిరీ కొండలూ ఉండేది కెన్యాలో, రిఫ్ట్ లోయలోని బొగోరియా సరస్సు దగ్గర. రెండింటికీ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైనే దూరం. కన్యాకుమారి ఫొటో పెట్టి కాశ్మీర్ టికెట్ అమ్మినట్టు.

టూర్ కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పేరు రాస్తే నాకే చిక్కు. పైగా ఇదే రకం ప్యాకేజీ ఇంకో రెండు చోట్ల కూడా చూశాను. కాబట్టి పేరు కంటే పద్ధతి తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

జరిగింది ఇదీ. మావారి అక్కయ్య భర్త, నాకు అన్నయ్య వరస, రిటైరయ్యారు. ఆయనకు పక్షులంటే ప్రాణం. మాది సూళ్లూరుపేట పక్క. శ్రీహరికోట రోడ్డు మీద వెళ్తుంటే రెండు వైపులా పులికాట్ నీళ్లలో రాజహంసలు నిలబడి ఉండటం చిన్నప్పటి నుంచీ చూసినవాళ్లమే. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌కి పిల్లల్ని భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లినవాళ్లమే. మన దగ్గర కనిపించేది ఎక్కువగా పెద్ద రకం, గ్రేటర్ ఫ్లెమింగో. ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. చిన్న రకం, లెస్సర్, ముక్కు ముదురు ఎరుపులో దాదాపు నల్లగా ఉంటుంది, ఒళ్లు ఇంకా చిక్కటి రంగు. "ఆ చిన్న రకం గుంపులు గుంపులుగా చూడాలమ్మా ఒక్కసారి" అని అన్నయ్య ఎప్పుడూ అనేవారు. వదిన కూడా సరేనంది. నలుగురం బయల్దేరాం.

మొదట అడిగింది చోబే నేషనల్ పార్కు, విక్టోరియా జలపాతం. ఆ భాగంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆగస్టులో అక్కడ వానలుండవు, గుంటలన్నీ ఎండిపోతాయి, ఏనుగులు మందలు మందలుగా చోబే నది ఒడ్డుకే రావాలి. పడవలో కూర్చుని కడుపు నిండా చూశాం. సేల్స్ అబ్బాయి సరిగ్గా ఆ మాటనే పట్టుకున్నాడు. "మేడమ్, ఆగస్టు అక్కడ పీక్ సీజన్. జంతువులన్నీ నీళ్ల దగ్గరికే వస్తాయి. పక్షులూ అంతే. మూడు రాత్రులు కలిపితే మనిషికి 92,000, ఫ్లెమింగోలు గ్యారంటీ" అన్నాడు. సగం నిజం ఎంత ప్రమాదమో చూడండి. ఏనుగుల సంగతి నిజం. అదే నోటితో పక్షుల సంగతి చెప్తే నమ్మేశాం.

చోబే పక్కనున్న కసానే ఊరి నుంచి నాటా ఊరికి సుమారు 300 కిలోమీటర్లు. నాటా నుంచి ఇంకో ఇరవై కిలోమీటర్లు వెళ్తే నాటా పక్షి రక్షణ కేంద్రం వస్తుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కలిసి నడుపుతారు దాన్ని. మా గైడు అక్కడి పెద్దాయన. అక్కడ ఆడవాళ్లను గౌరవంగా "మ్మా" అని పిలుస్తారు, అచ్చం మన "అమ్మా" లాగే వినబడుతుంది. నేను ఉండబట్టలేక, ఫ్లెమింగోలు ఎంత దూరంలో ఉన్నాయని దారిలోనే అడిగాను. ఆయన బండి స్లో చేసి, "మ్మా, మీకు ఆగస్టు అని ఎవరు చెప్పారు?" అన్నాడు. అంతే, బండిలో నలుగురికీ నోట మాట లేదు.

చెక్క మంచె ఎక్కి చూశాం. తెల్లటి నేల. కనుచూపు మేర తెలుపే. ఉప్పు పెచ్చులు కట్టి, ఎండకు పగిలి, మధ్యాహ్నం అయ్యేసరికి దూరంగా నీళ్లున్నట్టు ఎండమావి. అన్నయ్య బైనాక్యులర్స్ పెట్టుకుని ఆ ఎండమావినే చాలాసేపు చూశారు. రెండు నిప్పుకోళ్లు నడిచి వెళ్లాయి. వదిన మాత్రం "ఈ నిప్పుకోళ్లకు గులాబీ రంగు వేయిద్దామా" అంది. ఆ ట్రిప్‌లో మేం నవ్వింది అప్పుడొక్కసారే.

పొరపాటు ఎక్కడుందో గైడే ఓపికగా చెప్పాడు, తిరిగొచ్చాక నేనూ చదివాను. ఇది మన ఉప్పు మళ్ల లాంటిది కాదు, మామూలు సరస్సూ కాదు. వేల ఏళ్ల కిందట ఎండిపోయిన ఒక మహా సరస్సు అడుగుభాగం. సువా, ఎన్‌ట్వెట్వే అని పెద్ద పాన్‌లు, వాటి చుట్టూ లెక్కలేనన్ని చిన్నవి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు. అప్పుడు జింబాబ్వే వైపు నుంచి నాటా నది నీళ్లు తెచ్చి సువా పాన్‌లో పోస్తుంది. మోకాలి లోతు కూడా ఉండని ఆ ఉప్పునీళ్లలో, ఏడాదంతా ఎండిన మట్టిలో నిద్రపోయిన చిన్న చిన్న రొయ్యల గుడ్లు పొదుగుతాయి, నాచు పెరుగుతుంది. పెద్ద రకం పక్షికి ఆ రొయ్యలు తిండి, చిన్న రకానికి ఆ నాచు. ఒంటి మీది గులాబీ రంగు కూడా ఆ తిండి నుంచి వచ్చేదే. సువా పాన్ దక్షిణ భాగంలో గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. నీళ్లు ఇంకిపోతుంటే పక్షులూ లేచిపోతాయి. మంచి వానలు పడిన ఏడాది కొన్ని నెలలు ఎక్కువ ఉంటాయేమో గానీ, మామూలు ఏడాది ఆగస్టుకి అక్కడ మిగిలేది ఉప్పే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్నే ఏ బ్రోచరూ చెప్పదు. పక్షులున్న నెలల్లో పాన్ అంచుల్లో నేలంతా బురద. పైన గట్టిగా కనబడే పెచ్చు కింద జిగట మట్టి. టైరు దిగిందంటే రోజంతా అక్కడే. బండ్లు హాయిగా తిరిగేది వానల్లేక నేల ఎండిన నెలల్లో. దారి ఉన్నప్పుడు పక్షి ఉండదు, పక్షి ఉన్నప్పుడు దారి ఉండదు. టూర్ వాళ్లకు బండి తిరగడం ముఖ్యం, వాళ్ల తేదీలు దాన్ని బట్టే వేస్తారు. ఆ ఎండు నెలల్లో పాన్ మీద చూడాల్సినవి లేకపోలేదు. కుబు దీవి అని నల్లరాతి గుట్ట, దాని మీద ముసలి బావోబాబ్ చెట్లు, రాత్రి నెత్తిన వాలిపోయినంత దగ్గరగా చుక్కలు. వాటి కోసమే వెళ్లేవాళ్లు ఆగస్టులో హాయిగా వెళ్లండి. మేం కొన్నది అది కాదు.

ఇక డబ్బు సంగతి. మా అసలు తెలివితక్కువతనం ఇక్కడుంది. చోబే ప్యాకేజీకి బిల్లు ఇచ్చారు, పాన్ నంబరు తీసుకున్నారు. 2020 అక్టోబరు నుంచి విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మే ఇక్కడి కంపెనీ టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే తీసుకునే ముందస్తు పన్ను, వసూలు చేసి మన పాన్ మీద జమ చేయాలి. అది ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో మన పన్ను జమల పట్టికలో కనబడుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. ఫ్లెమింగో భాగానికి మాత్రం "ఇది అక్కడి ఏజెంటుకి నేరుగా పోతుంది మేడమ్, టీసీఎస్ గొడవ లేకుండా చేస్తాం" అని ఒక వ్యక్తి ఖాతాకి వేయించుకున్నారు. ఉప్పు పాన్‌కి తీసుకెళ్లేవాడు ఇన్‌కమ్ టాక్స్ పాన్ వద్దన్నాడంటేనే అనుమానం రావాలి, మాకు రాలేదు. ట్యాక్స్ మిగిలిందని సంతోషించాం కూడా.

తిరిగొచ్చి అడిగితే రెండు జవాబులు వచ్చాయి. ఒకటి, "వన్యప్రాణులు కనబడతాయని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, షరతుల్లో రాసే ఉంది." రెండోది, "మేం అమ్మింది చోబే ప్యాకేజీ మాత్రమే, మీరు కట్టిన ఆ డబ్బుకీ మాకూ సంబంధం లేదు." మొదటి దానికి నా జవాబు ఉంది. అడవిలో పులి కనబడకపోవడం వేరు, నీళ్లే లేని నెలలో నీటి పక్షిని అమ్మడం వేరు. రెండోదానికి మాత్రం బిల్లు లేక ఇరుక్కున్నాం. అదృష్టం కొద్దీ "ఫ్లెమింగోలు గ్యారంటీ" అన్న వాట్సాప్ మెసేజ్, ఆ ఫొటో, డబ్బు వెళ్లిన రోజు అదే నంబరు నుంచి వచ్చిన "అందింది మేడమ్" అన్న మాట, అన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. దానికి రెండేళ్ల గడువు ఉంటుంది. వాట్సాప్ చాట్ డిలీట్ చేసే అలవాటున్నవాళ్లు ఆ అలవాటు మానుకోండి.

మళ్లీ వెళ్లాలనుకుంటే నేను ఏం చేస్తానో చెప్తాను. "ఫ్లెమింగోలు ఉంటాయా?" అని అడగను. ఆ ప్రశ్నకు అమ్మేవాడి దగ్గర ఎప్పుడూ "ఉంటాయి" అనే జవాబే ఉంటుంది. "ఈ ఏడాది నాటా నదికి నీళ్లు వచ్చాయా, సువా పాన్‌లో ఇప్పుడు నీళ్లున్నాయా?" అని అడుగుతాను. దానికి తడబడకుండా జవాబు చెప్పినవాడికే అడ్వాన్స్. అతను చెప్పింది నిజమో కాదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొద్ది రోజులకొకసారి కొత్తవి వస్తాయి. పాన్ తెల్లగా మెరుస్తోందా, నీలంగా ఉందా అన్నది మావారికే తెలిసిపోయింది, ఆయనకు ఫోన్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పంపడం తప్ప ఏమీ రాదు. పక్షులు చూసినవాళ్లు లెక్కలు రాసిపెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో బోట్స్‌వానా ఎంచుకుంటే ఏ నెలలో ఏ పక్షి ఎంత కనబడిందో గీతల్లో చూపిస్తుంది. ఈ రెండూ చూడటానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. డబ్బు కట్టాక.

వానాకాలంలో వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఉత్తర బోట్స్‌వానాలో ఆ నెలల్లో మలేరియా ఉంటుంది, డాక్టరును అడిగి మాత్రలు తీసుకెళ్లండి. "చిన్న విమానంలో గూళ్ల మీదుగా కిందికి తీసుకెళ్తాం" అని ఒకచోట అమ్ముతున్నారు. అది మాత్రం కొనకండి. ఆ చప్పుడుకి బెదిరితే పక్షులు గుడ్లూ పిల్లల్నీ వదిలేసి మొత్తం గుంపుగా లేచిపోతాయి. మన ఫొటో కోసం ఒక ఏడాది సంతానం పోతుంది.

సెలవులు ఆగస్టులోనే దొరుకుతాయి, ఫ్లెమింగోలే చూడాలి అనేవాళ్లు మక్గాడిక్గాడి మాట మర్చిపోయి నమీబియా సముద్రతీరంలోని వాల్విస్ బే చూడండి. సువా పాన్‌లో పక్షులకు పరికరాలు కట్టి గమనిస్తే అక్కడి దాకా వెళ్లినవి ఉన్నాయట. సముద్రపు లగూన్ కాబట్టి ఎండిపోయే గొడవ లేదు. ఊళ్లోనే, లగూన్ పక్కన కాలిబాట మీద నడుస్తూ చూడొచ్చు, మంచె కూడా అక్కర్లేదు. అన్నయ్య ఇప్పుడు దాని మీద పడ్డారు. కెన్యా అనేవాళ్లు మాత్రం పాత నకురు ఫొటోలు చూసి బుక్ చేయకండి. గత పది పదిహేనేళ్లలో ఆ సరస్సులో నీటిమట్టం బాగా పెరిగి ఉప్పదనం పల్చబడింది, చిన్న రకం పక్షులు చాలావరకు వేరే సరస్సులకు వెళ్లిపోయాయి. కెన్యా వెళ్లి వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కూడా ఉండాలి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.

ఈ ఆగస్టుకి ఇలాంటి ప్యాకేజీకి ఎవరైనా ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, మిగతా డబ్బు పంపేలోపు వాళ్లకు మెయిల్ పెట్టండి. ఫోన్ కాదు, మెయిల్. పాన్‌లో నీళ్లున్నట్టు ఆ వారం ఫొటో పంపమనండి, లేదా ఆ మూడు రాత్రులూ చోబేలోనే ఇవ్వమనండి. రద్దు చేస్తే ఎంత కోస్తారో ఏ తేదీ నుంచి పెరుగుతుందో బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఈ రాత్రికే చదవండి.