వాలుగ కోసం కట్టి అమ్ముతున్న గాలం: హుక్కు మంచిదే, కట్టే బాగాలేదు

గోదావరిలో వాలుగ చేప కోసం బతికున్న ఎర వేసేవారికి గాలం కట్టుకోవడమే సగం పని. ఆ శ్రమ తప్పిస్తామంటూ హుక్కు, దారం, గుండు అన్నీ కట్టి సిద్ధం చేసిన ప్యాకెట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మూడు గాలాలున్న అలాంటి ప్యాకెట్టు ఒకటి 390 రూపాయలకు తెప్పించాను. వానాకాలం వాలుగ గుడ్లు పెట్టే కాలం కనుక అది ముగిసేదాకా ఆగి, కార్తీకం నుంచి సంక్రాంతి వరకు కొవ్వూరు వైపు గట్టున పదిహేను రాత్రులు దాన్ని వాడి చూశాను.

కట్టు తీరు ఇలా ఉంది. అసలు దారం నడిమి రంధ్రమున్న సీసపు గుండులోంచి వచ్చి స్వివెల్‌కు, అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కొలికికి, ముడిపడుతుంది. స్వివెల్ అవతల రెండడుగుల మందపాటి టంగీసు (నైలాన్) దారం, దాని కొసన 8/0 సైజు సర్కిల్ హుక్కు ఉంటాయి. గుండు దారం మీద జారుతుంది కనుక చేప ఎరను పట్టుకుని కదిలినా దానికి బరువు తెలియదు. ఈ ఆలోచనలో తప్పేమీ లేదు.

హుక్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వాలుగ నోరు కళ్లను దాటి వెనుక దాకా చీలి ఉంటుంది, లోపల సన్నటి పళ్లు వెనక్కి వంగి బారులు తీరి ఉంటాయి, కాబట్టి అది ఎరను కొరకకుండా ఏకంగా మింగేస్తుంది. మామూలు హుక్కు అయితే చాలాసార్లు కడుపులోకి దిగిపోయి, వదిలిపెడదామన్నా చేప బతకదు. సర్కిల్ హుక్కు మొన లోపలికి తిరిగి ఉండటం వల్ల గొంతులో గుచ్చుకోకుండా జారి వచ్చి దవడ మూలన పడుతుంది. నాకు దొరికిన నాలుగు వాలుగల్లో మూడింటికి సరిగ్గా అక్కడే పడింది, అందులో మూరెడైనా లేని రెండింటిని తిరిగి నీళ్లలో వదలగలిగాను. అంతరించే ముప్పున్న జీవుల లెక్క తీసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో వాలుగ ముప్పు పొంచి ఉన్న జాతుల్లో ఉంది కనుక నా లెక్కలో ఇది చిన్న గుణం కాదు.

అయితే ఈ హుక్కుకు మన చేతి అలవాటు పనికిరాదు. బెండు మునగగానే లాగడం చిన్నప్పుడు మా నాన్నగారు నేర్పిన విద్య. మొదటి రాత్రి రీలు రెండుసార్లు కిర్రుమనగానే ఆ విద్యే ప్రదర్శించి, ఎరగా గుచ్చిన పరిగె అనే చిన్న చేపనే, ఒంటి మీద పొలుసు కూడా ఊడకుండా, ఒడ్డుకు తెచ్చుకున్నాను. దారం ఆగకుండా ఒకే వేగంతో పోతున్నప్పుడు రీలు మూసి, బిగువు రానిచ్చి, కర్రను మెల్లగా ఎత్తాలి. ఈ ఒక్క మాట ప్యాకెట్టు మీద ఎక్కడా లేదు. పైగా అక్కడి బొమ్మలో హుక్కును ఎర పొట్టలోంచి గుచ్చి చూపించారు. అలా గుచ్చితే ఎర నిమిషాల్లో చస్తుంది, హుక్కు నోరు మాంసంతో పూడుకుని పట్టు దొరకదు. వీపు రెక్క కింద, వెన్నుపూసకు తగలకుండా పైపైన గుచ్చాలి, లేదా నీటి లాగుడు ఎక్కువగా ఉన్నప్పుడు రెండు పెదవులూ కలిపి గుచ్చాలి.

ఎర విషయంలో ‘ఏ చిన్న చేపైనా సరే’ అన్న సూచన ఇంకా పొరపాటు. మట్టగిడస గట్టి ప్రాణమని అందరం దాన్నే ఇష్టపడతాం, కానీ అది మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిన చేప. అడుగున గుండుతో పట్టి ఉంచే ఈ గాలానికి గుచ్చితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. దానికి బెండు కట్టి పైనీటిలో వదలాలి, అడుగు గాలానికి పరిగె వాడాలి. ఎరను అదే నదిలో పట్టుకోవడం మేలు. మన దేశంలో 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలను మాత్రం ఎంత చవకగా దొరికినా తేవద్దు, ఒక్కటి హుక్కు ఊడి పోయినా అది నదిలో చేరినట్టే.

ఇక కట్టు. దారాన్ని ముడి వేయకుండా చిన్న అల్యూమినియం గొట్టంలో దూర్చి నొక్కేశారు. అయిదో రాత్రి బరువైన చేప పట్టినప్పుడు దారం ఆ గొట్టంలోంచి జారిపోయింది, నా చేతికి వచ్చిన కొస ఎక్కడా తెగకుండా నున్నగా ఉంది. రెండడుగుల దారం కూడా ప్రవాహంలో ఎక్కువే. ఎర తిరిగి తిరిగి దాన్ని అసలు దారానికి చుట్టేస్తుంది, స్వివెల్ బిరుసుగా ఉండటంతో మెలికలు విడవవు. నేను దాన్ని అడుగుంపావుకు కోసి, గొట్టం తీసేసి ముడి వేసుకున్నాను. గుండ్రటి సీసం ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున గట్టు వైపు దొర్లుకుంటూ వచ్చి రాళ్లలో ఇరుక్కుంది, ఆ తర్వాత బిళ్లలాంటి సీసం వేశాక కదల్లేదు. వాలుగ పళ్లు దారాన్ని తెంపవు గాని గరుకు కాగితంలా రాస్తాయి, అందువల్ల ప్రతి చేప తర్వాత చివరి జానెడు దారాన్ని గోటితో తడిమి చూసుకోవాలి.

ఇన్ని మార్చుకున్నాక ఆ ప్యాకెట్టులోంచి నాకు మిగిలింది హుక్కు ఒక్కటే, అది విడిగా దొరుకుతుంది కనుక మళ్లీ ఈ ప్యాకెట్టు కొనను. చెరువులో, నిలిచిన నీటిలో వేసేవారికి ఉన్నది ఉన్నట్టుగా పనికిరావచ్చు, అప్పుడు కూడా ఆ గొట్టం తీసేసి ముడి వేసుకోవాలి. మూడో గాలం విప్పకుండానే మా పక్కింటి అబ్బాయికి ఇచ్చాను, వాళ్ల ఊరి చెరువుకు.