లాకర్లో ఉండే వాచీకి ఏది మేలు: జీఎంటీయా, పర్పెచ్యువల్ క్యాలెండరా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్లు ఈమధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. కొందరు ఓడల్లోనో గల్ఫ్‌లోనో పనిచేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లు, మరికొందరు అల్లుడికి మంచి వాచీ పెట్టాలనుకునే మామగార్లు. టైమూ తేదీ అందరి వాచీల్లోనూ ఉంటాయి, ఇంకేదైనా విశేషం ఉన్నది కావాలి, మరో చోటి టైమూ చూపే నాలుగో ముల్లున్న జీఎంటీ కొనాలా, తేదీని తనే సరిచూసుకునే యాన్యువల్ క్యాలెండరా, పర్పెచ్యువలా అని.

కంపెనీల మాట వింటే పర్పెచ్యువలే గెలవాలి. ఏ నెలకు ముప్ఫై, దేనికి ముప్ఫై ఒకటి, ఏది లీపు సంవత్సరం, అన్నీ దానికి తెలుసు. ఆగకుండా నడిస్తే 2100 ఫిబ్రవరి దాకా తేదీ దిద్దే పనే లేదు. యాన్యువల్ క్యాలెండర్ దానికి ఒక మెట్టు కింద. పటేక్ ఫిలిప్ 1996లో తెచ్చింది. ఫిబ్రవరి ఒక్కటే దానికి కొరుకుడు పడదు, ఏటా మార్చి 1న మనం దిద్దాలి.

‘ఆగకుండా నడిస్తే’ అన్నచోటే వస్తుంది తంటా. మన దగ్గర అంత ఖరీదైన వాచీని రోజూ పెట్టుకు తిరిగేవాళ్లు ఎంతమంది? పెళ్లికో ఠాకురాణి యాత్రకో బయటికి తీస్తారు, ఆ మర్నాడే బీరువాలోకో బ్యాంకు లాకర్లోకో పోతుంది. చేతి కదలికతో కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీ, చేతి నుంచి తీస్తే మామూలుగా రెండు మూడు రోజుల్లో ఆగిపోతుంది. వారం నడిచేవి కొన్నే. మళ్లీ ఆరు నెలలకు తీస్తే తేదీ, వారం, నెల, లీపు లెక్క, ఉంటే చంద్రకళ, అన్నీ దిద్దాలి. చాలావాటికి పక్కన సన్నటి బటన్లుంటాయి, పిన్నుతో నొక్కాలి. వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య టైము ఉన్నప్పుడు నొక్కకూడదు. తేదీ మార్చే చక్రాలు అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, పళ్లు విరుగుతాయి. పెళ్లికి బయల్దేరే హడావుడిలో ఇదంతా ఎవరు చూసుకుంటారు?

ఐడబ్ల్యూసీ అనే కంపెనీలో కర్ట్ క్లౌస్ అనే వాచీ నిపుణుడు 1985లో అన్నీ ఒక్క కీతోనే ముందుకు జరిగేలా చేశాడు. సుఖమే, కానీ తేదీ వెనక్కి రాదు. పొరపాటున రెండు రోజులు ఎక్కువ తిప్పారా, ఆ తేదీ వచ్చేదాకా వాచీ ఆపి కూర్చోవాలి. యులిస్ నార్డిన్ కంపెనీ 1996లో రెండు వైపులా తిరిగేది తెచ్చింది గానీ, అలాంటివి అరుదు. ఏదైనా పాడైతే మన ఊరి వాచీ షాపులో విప్పించే సరుకు కాదు, కంపెనీ సర్వీసుకే పంపాలి. ఆ టెన్షన్ వేరే.

జీఎంటీకి ఈ బాధ లేదు. ఆగితే కీ ఇచ్చి, టైమూ తేదీ పెట్టుకుంటే చాలు, బట్టలు మార్చుకునేలోపు అయిపోతుంది. 1955లో పాన్ యామ్ విమాన సంస్థ పైలట్ల కోసం రోలెక్స్ తెచ్చిన రకం ఇది. ఓడల్లో పనిచేసేవాళ్లు నాలుగో ముల్లును యూటీసీకి, అంటే గ్రీన్‌విచ్ టైముకు పెట్టుకుంటే రోజూ పనికొస్తుంది.

మనకు మాత్రం ఓ అరగంట చిక్కుంది. మన టైము గ్రీన్‌విచ్‌కు ఐదున్నర గంటలు ముందు. దుబాయ్‌తో తేడా గంటన్నర, కువైట్‌తో రెండున్నర. వాచీలో గంటల ముల్లు గంట చొప్పునే దూకుతుంది, నిమిషాల ముల్లు అందరికీ ఒక్కటే. అందుకని బెజెల్, అంటే డయల్ చుట్టూ అంకెలతో తిరిగే రింగు, చూసి కొనండి. ట్యూడర్ బ్లాక్ బే జీఎంటీ బెజెల్‌కు 48 క్లిక్కులు, అంటే ఒక్కోటి అరగంట. నాలుగో ముల్లును ఇండియా టైములోనే ఉంచి, బెజెల్ కుడివైపు మూడు క్లిక్కులు తిప్పితే దుబాయ్ టైము సరిగ్గా చదవొచ్చు. ఇప్పటి రోలెక్స్ జీఎంటీ మాస్టర్‌కు 24 క్లిక్కులే, అరగంట మనసులో కలుపుకోవాలి. పేరు చూసి ఎగబడేవాళ్లకు ఈ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. వాషెరాన్ కంపెనీ ఓవర్సీస్ వరల్డ్ టైమ్ వాచీ 37 టైమ్ జోన్లు, అరగంటలతో సహా చూపిస్తుంది. దాని ధర మాత్రం మనం మాట్లాడుకుంటున్న లెక్కలో లేదు.

చంద్రకళల డయల్ ముచ్చటగా ఉంటుంది. మామూలుగా 59 పళ్ల చక్రం, నెలకు ఇరవై తొమ్మిదిన్నర రోజుల లెక్క. ఆగకుండా నడిచినా రెండున్నరేళ్లు దాటాక ఒక రోజు తేడా వస్తుంది. పొరుగు ఒడియా ఇంట్లో పౌర్ణమితో, మనింట్లో అమావాస్యతో నెల ముగుస్తుంది కాబట్టి ఆ చంద్రుడు ఇద్దరికీ పనికొస్తాడు. తిథికి మాత్రం పంచాంగమే.

క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ ఉన్నది, కావాలంటే కొనుక్కోండి, ఆగినా నష్టం లేదు, కానీ ఆ బటన్లు నొక్కేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. టూర్బియాన్ అంటే వాచీ నడక తప్పకుండా లోపలి భాగాన్ని గుండ్రంగా తిప్పే ఏర్పాటు, 1801లో బ్రెగే దానికి పేటెంట్ తీసుకున్నది జేబు గడియారాల కోసం. చేతి మీద అది చూపుకే. మినిట్ రిపీటర్ నొక్కితే టైమెంతో గంట మోగించి చెబుతుంది, కానీ చాలావాటికి నీళ్లంటే పడదు. గోపాల్‌పూర్ తీరానికి అది తీసుకెళ్లకండి.

నన్నడిగితే ఓడవాళ్లకైనా మామగార్లకైనా జీఎంటీయే. అల్లుడు రోజూ ఆఫీసుకు పెట్టుకెళ్లే మనిషైతే మాత్రం యాన్యువల్ క్యాలెండర్ చూడండి. లాంజీన్స్‌లో కూడా దొరుకుతుంది, పటేక్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. పర్పెచ్యువల్ తప్పదంటే, పెట్టెతో ఇచ్చే దిద్దే పిన్నూ పుస్తకమూ వాచీతో పాటే లాకర్లో పెట్టించండి.