మిర్యాలగూడ జిరాక్స్ షాపులో ఆరేళ్ల డెబియన్

2019లో బస్టర్ అనే వెర్షన్ వచ్చిన కొత్తలో మా షాపు కంప్యూటర్లలో మొదటిసారి డెబియన్ వేశాను. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఇది. తర్వాతి వెర్షన్లు బుల్స్‌ఐ, బుక్‌వార్మ్, ఇప్పుడు ట్రిక్సీ. రెండేళ్లకోసారి, సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచి దించుకోవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్లో వెర్షన్ పేరు మార్చి అప్‌గ్రేడ్ కొట్టడమే. డిస్క్ పోయినప్పుడు, చివర్లో చెప్పే నాలుగు మిషన్లకు తప్ప మళ్లీ మొదటినుంచి ఎక్కించలేదు.

మొదట్లో ట్యూనింగ్ పిచ్చి ఉండేది. ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు స్వాప్; దాన్ని ఎంత తొందరగా వాడాలో చెప్పే అంకె స్వాపీనెస్. 2 జీబీ ర్యామ్ మిషన్‌లో దాన్ని 60 నుంచి 10కి దించాను, అదీ చాలక స్వాప్ మొత్తం తీసేశాను. దరఖాస్తుల సీజన్‌లో ఫైర్‌ఫాక్స్‌లో ఆరు ట్యాబులు తెరవగానే మౌస్ బిగుసుకుపోయింది. ఎదురుగా పదిమంది నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్, జడ్‌ర్యామ్, అంతే. జడ్‌ర్యామ్ ర్యామ్‌లోనే కొంత కుదించి స్వాప్‌లా వాడుకుంటుంది కాబట్టి పాత హార్డ్‌డిస్క్ గరగరమనదు.

ట్రిక్సీకి మారాక అదే మిషన్ మళ్లీ మొరాయించింది. ఈ రిలీజ్ నుంచి తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ డిస్క్ మీద కాదు, ర్యామ్‌లో ఉంటుంది; సగం ర్యామ్ దాకా తినగలదు. నేనేమో పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లన్నీ అందులోనే పడేలా పెట్టుకున్నాను. టెంప్ మౌంట్‌ను మాస్క్ చేసి, అంటే ర్యామ్‌లో పెట్టడం ఆపేసి, రీబూట్ చేస్తే సర్దుకుంది. రిలీజ్ నోట్స్‌లో రాసే ఉంది, చదవనిది నేను.

నా మిషన్లు చూసి తెలిసినవాళ్లు అడగడంతో పెన్‌డ్రైవ్‌లో కాపీలు ఇవ్వడం మొదలైంది. బుక్‌వార్మ్‌కు ముందు వైఫై పనిచేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైళ్లు విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది, ఆ బాధ పోయింది. షాపులో ఆప్ట్ క్యాషర్ నడుపుతాను: ఒక మిషన్ దించుకున్న ప్యాకేజీని మిగతావి దాని దగ్గరే తీసుకుంటాయి, నెట్ మిగులుతుంది. కాపీ చేసేముందు ఐఎస్‌ఓకి, అంటే ఇన్‌స్టాలర్ ఫైలుకి, అది చెడిపోలేదని తేల్చే షా256 కోడ్ సరిచూడకుండా మాత్రం ఇవ్వను.

ఒకసారి రైస్ మిల్లు కాంటా దగ్గర డెబియన్ మిషన్ పెట్టి వచ్చాను. సాయంత్రం ఫోన్: "అన్నా, కాంటా అంకెలు సిస్టంల పడ్తలేవు, లారీలు లైన్ కట్టినయ్." పోయి చూస్తే కేబుల్ బాగానే ఉంది. కాంటా కేబుల్ తగిలించే సీరియల్ పోర్టు వాడాలంటే యూజర్ డయలౌట్ అనే గ్రూపులో ఉండాలి. నేను పెట్టిన యూజర్ అందులో లేడు, అందుకే పోర్టు తెరవనివ్వడం లేదు. చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లోపలికొస్తే తూకం కనబడింది. అప్పటినుంచి, ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టే నా ప్రీసీడ్ ఫైల్లోనే ఆ గ్రూపు రాసిపెట్టాను. ఇన్‌స్టాలర్ అడగకుండానే చేర్చేస్తుంది.

తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రామ్ చాలు, పోతన, వేమన ఫాంట్లు డెబియన్ సాఫ్ట్‌వేర్ భండారం రెపోలోనే ఉన్నాయి. పెళ్లికార్డుల పాత ఫైళ్లు మాత్రం యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో ఉన్నాయి. వాటికోసం మూలన ఒక విండోస్ మిషన్ ఉంచక తప్పలేదు.

ట్రిక్సీకి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఈ మాట విని పాత మిషన్లు తుక్కుకు వేసేముందు ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి చూడండి. నా దగ్గర 32 బిట్ అనుకున్న ఐదింటిలో నాలుగు కోర్ టూ డుయో ప్రాసెసర్లవి, అన్నీ 64 బిట్‌వే. ఎవరో 32 బిట్ విండోస్ ఎక్కించడంతో అలా అనుకున్నాం. డేటా పక్కన పెట్టి కొత్తగా ఎక్కించాను. ఐదోది ఆటమ్ ప్రాసెసర్ ఉన్న చిన్న ల్యాప్‌టాప్ (నెట్‌బుక్), నిజంగానే 32 బిట్. అది బుక్‌వార్మ్ మీదే ఉంది, రోజూ బిల్లులు కొడుతోంది.